గలిజేరును కణుపు దగ్గర చూసి గుర్తుపట్టడం ఎలా?

మృగశిర కార్తె వానలు పడగానే నల్లగొండ, పాలమూరు చెలకల్లో నేలకు అతుక్కుని పరుచుకునే మొక్కల్లో గలిజేరు ముందుంటుంది. పత్తి చేనులో అది కలుపు. వంటింట్లో అది పప్పులో వేసుకునే ఆకుకూర. ఈ మధ్య ఫోన్లలో తిరిగే సందేశాల పుణ్యమా అని కిడ్నీ జబ్బులకు మందుగా కూడా దానికి పేరు వచ్చింది. దాంతో ఊరి బయట గెట్ల వెంట ఆకు ఏరుకుంటున్న వాళ్లు, సంతలో కట్టలుగా కొంటున్న వాళ్లు పెరిగారు. నా ఆందోళనంతా ఇక్కడే. గలిజేరు పేరుతో మన దగ్గర జనం తెంపుకొచ్చే మొక్కలు నాలుగైదు రకాలున్నాయి. ఆరోగ్యంగా ఉన్నవారు ఒకదానికి బదులు మరొకటి పప్పులో వేసుకున్నా పెద్దగా నష్టం ఉండకపోవచ్చు. జబ్బుతో ఉన్న మనిషికి పెట్టేటప్పుడు మాత్రం అదేమిటో కచ్చితంగా తెలిసి ఉండాలి. ‘తెల్ల పువ్వుంటే తెల్ల గలిజేరు, ఎర్ర కాడుంటే ఎర్ర గలిజేరు’ అనే లెక్క అందుకు పనికిరాదు.

ఇక్కడ నేను చెబుతున్నది వృక్షశాస్త్రంలో ట్రయాంథిమా పోర్చులకాస్ట్రమ్ అని పిలిచే మొక్క గురించి. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ పెట్టిన పేరు అది. దీని దగ్గరి బంధువు సెసువియం పోర్చులకాస్ట్రమ్ అచ్చంగా సముద్ర తీరపు మొక్క. మడ అడవుల అంచుల్లో, ఉప్పుటేళ్ల ఒడ్డున, అలల తడి తగిలే ఇసుకలో దట్టంగా అల్లుకుంటుంది. గలిజేరు కూడా తీరపు ఇసుకలో బాగానే పెరుగుతుంది. ఉప్పును, ఎండను తట్టుకోవడం ఈ కుటుంబానికి పుట్టుకతో వచ్చిన గుణం. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మన నేల మీద ఇది ఇంత హాయిగా బతకడానికి ఆ గుణమే కారణం. ఎర్ర చెలకల్లో, పెంటకుప్పల పక్కన, ఎండిన చెరువు అంచుల్లో, సాగర్ ఎడమ కాలువ కింద చౌడు తేలిన మడి గట్ల మీద, మిగతా మొక్కలు వాడిపోయిన చోట కూడా ఇది పచ్చగా కనిపిస్తుంది. కండగల ఆకులో నీళ్లు దాచుకుంటుంది.

ఎప్పుడు, ఎక్కడ వెతకాలి

మొలిచిన నెల లోపే ఇది పూతకు వస్తుంది. కాబట్టి పునర్వసు, పుష్యమి కార్తెల నాటికి, అంటే జులైలో, పువ్వూ కాయా రెండూ ఒకే మొక్క మీద దొరుకుతాయి. గుర్తుపట్టడానికి అదే మంచి సమయం. ఉత్త ఆకుల దశలో ఉన్న మొక్కను చూసి తీర్పు చెప్పకండి. కొంచెం ఆగి పూత వచ్చాక చూడండి. యాసంగిలో నీళ్లు పారే పొలాల్లో కూడా దొరుకుతుంది గానీ, వానాకాలమే దీని కాలం.

ఉదయం ఎండ బాగా పడ్డాక వెళ్లండి. పువ్వులు ఆ పూటే విచ్చుకుంటాయి, మధ్యాహ్నం దాటితే ముడుచుకుంటాయి. సాయంత్రం వెళ్లినవారు ‘దీనికి పువ్వులే లేవు’ అనుకుని తిరిగి వస్తారు. చేతిలో ఒక చిన్న భూతద్దం ఉంటే సగం పని అయినట్టే. పుస్తకాల దుకాణాల్లో పిల్లల కోసం అమ్మేది చాలు. అది లేకపోతే ఫోను కెమెరాను దగ్గరగా పెట్టి ఫోటో తీసి, దాన్ని పెద్దది చేసి చూడండి. కాళ్లకు చెప్పులు తప్పనిసరి. గలిజేరు ఉన్నచోట పల్లేరు కూడా ఉంటుంది.

మొదట తుంచి చూడండి

ఒక కొమ్మను తుంచండి. తుంచిన చోట తెల్లటి పాలు కారితే ఆ మొక్కను అక్కడే వదిలేయండి. అది నానబాలు జాతి మొక్క. నేలబారుగా పాకే నానబాలు రకాలు పత్తి సాళ్లలోనే, గలిజేరు పక్కనే పెరుగుతాయి. ఎర్రటి కాడ, ఎదురెదురు ఆకులతో దూరం నుంచి మోసం చేస్తాయి. గలిజేరు కాడ తుంచితే నీటిలాంటి రసమే వస్తుంది. ఈ పరీక్షకు రెండు క్షణాలు చాలు. అయినా ఆకు ఏరేటప్పుడు చాలామంది వదిలేసేది దీన్నే. గుప్పెళ్లతో పీకి సంచిలో వేసుకుంటే అన్నీ కలిసిపోతాయి. ఒక్కొక్క మొక్కగా చూసి తెంపండి.

తర్వాత ఆకుల జత

గలిజేరు ఆకులు కణుపు దగ్గర రెండేసి ఎదురెదురుగా ఉంటాయి. కానీ ఆ రెండూ సమానంగా ఉండవు. ఒకటి పెద్దది, రెండోది దానిలో సగమో అంతకన్నా చిన్నదో. పెద్ద ఆకు చివర గుండ్రంగా వెడల్పుగా ఉండి కాడ వైపు సన్నబడుతుంది. వేళ్ల మధ్య నలిపితే కండ తెలుస్తుంది. ఈ పెద్దా చిన్నా తేడా ఉంటే సరైన దారిలో ఉన్నట్టే గానీ, పని పూర్తికాలేదు. అటికమామిడి అనే మరో మొక్క ఆకుల జతల్లో కూడా ఇదే తేడా ఉంటుంది. ఆ రెండింటినీ జనం కలిపేయడానికి పెద్ద కారణం ఇదే.

అసలు గుర్తు కణుపులో ఉంది

ఇక్కడ తొందరపడకండి. కొమ్మను ఎడమ చేత్తో పట్టుకుని, పెద్ద ఆకు కాడ కాండానికి కలిసే చోటును భూతద్దం కింద పెట్టండి. ఆకు కాడ అడుగు భాగం వెడల్పై, పలచటి పొరలాగా కాండాన్ని చుట్టుకుని ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పెడితే ఆ పొర గుండా వెలుగు కనిపిస్తుంది. పొర పై అంచున రెండు వైపులా రెండు చిన్న మొనలుంటాయి. ఆకును మెల్లగా వెనక్కి వంచితే ఆ పొర సంచిలా తెరుచుకుంటుంది. లోపల ఒక్క పువ్వు కూర్చుని ఉంటుంది. దానికి కాడ లేదు. సగం ఒళ్లు సంచిలోనే, పై సగం మాత్రమే బయటికి.

ఆ పువ్వును కూడా చూడండి. అయిదు రేకులున్నట్టు కనిపిస్తాయి. లోపలి వైపు గులాబీ రంగు గానీ తెలుపు గానీ, బయటి వైపు ఆకుపచ్చ. ప్రతి దాని వీపు మీద కొసకు కాస్త కిందుగా చిన్న కొమ్ములాంటి మొన పొడుచుకుని ఉంటుంది. మధ్యలో కేసరాలు పది నుంచి ఇరవై దాకా, కీలం (పువ్వు నడుమ నిలిచే ఆడ భాగపు సన్నటి కాడ) ఒక్కటే. ఈ ‘ఒక్కటే’ అన్నది గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

పువ్వు ఒంటరిగా, కాడ లేకుండా, ఆకు మొదట్లోని పొరసంచిలో దాగి ఉంటే మీ చేతిలో ఉన్నది గలిజేరే. మిగతావి చూడకపోయినా ఈ ఒక్కటి మాత్రం చూడకుండా ఇంటికి తీసుకెళ్లకండి.

కాయ మూత

ఖాయం చేసుకోవడానికి కాయ ఉంది. కింది కణుపుల్లో, అంటే వేరుకు దగ్గరగా ఉన్న చోట, ముదిరిన కాయలుంటాయి. గోటితో పొరను చీల్చి కాయను బయటికి తీయండి. పైభాగం దళసరిగా, కోసేసినట్టు చదునుగా ఉంటుంది. దాన్ని కొద్దిగా నొక్కి లాగితే కాయ అడ్డంగా విడిపోయి, కుంకుమ భరిణె మూత వచ్చినట్టు వస్తుంది. చీలదు, పగలదు. చుట్టూ ఒకే గీతన తెరుచుకుంటుంది. మూతతో పాటే సాధారణంగా ఒక గింజ అంటుకుని వచ్చేస్తుంది, మిగిలిన కొన్ని గింజలు అడుగున ఉంటాయి. గింజ నల్లగా, మూత్రపిండం ఆకారంలో, పైన అలలలాంటి గరుకు గీతలతో ఉంటుంది. తెల్ల కాగితం మీద వేసి చూస్తే ఆ గీతలు స్పష్టంగా కనిపిస్తాయి.

మూతతో వెళ్లిన గింజ దూరం పోతుంది, అడుగున ఉన్నవి తల్లి మొక్క కిందే రాలుతాయి. చేను ఎన్నిసార్లు గుంటక తోలినా ఇది మళ్లీ ఎందుకు మొలుస్తుందో ఆ చిన్న కాయను విప్పి చూసిన రైతుకు వెంటనే అర్థమవుతుంది. కాయలు కట్టకముందే పీకేస్తేనే లాభం.

అటికమామిడితో పోల్చండి

గలిజేరు కోసం బయల్దేరినవారు ఎక్కువగా ఇంటికి తెచ్చేది అటికమామిడిని. దీన్ని చాలా ఊళ్లలో ఎర్ర గలిజేరు అని కూడా అంటారు. శాస్త్రీయ నామం బోయెర్హావియా డిఫ్యూజా. కుటుంబమే వేరు. కాగితం పూల చెట్టు, చంద్రకాంత ఉన్న కుటుంబం ఇది. ఆయుర్వేదంలో పునర్నవ అనే మందుకు వాడేది దీన్నే. పునర్నవ పేరుతో గలిజేరు వేరును కలిపి అమ్మడం మూలికల బజారులో పాత సమస్య.

రెండింటినీ పక్కపక్కన పెట్టండి. అటికమామిడి పువ్వులు కణుపు సంచిలో దాగవు. సన్నటి పొడుగాటి కాడలు కొమ్మలుగా చీలి, ఆకులకు దూరంగా గాలిలో ఊగుతుంటాయి. వాటి చివర్లలో ఆవగింజ కన్నా కాస్త పెద్దవైన ఎర్రటి గులాబీ పువ్వులు గుత్తులుగా ఉంటాయి. ఆకు కాడ మొదట్లో పొర ఉండదు. ఆకు అడుగు తెల్లగా పాలిపోయి ఉంటుంది, అంచు అలలుగా, చాలాసార్లు ఎర్ర గీత గీసినట్టు ఉంటుంది. అన్నిటికన్నా తేలికైన పరీక్ష కాయది. వేలితో తాకండి. అయిదు గీతలున్న చిన్న గదలాంటి కాయ జిగురుగా వేలికి అంటుకుంటుంది. అటికమామిడి మీదుగా నడిచి వస్తే చీర కుచ్చిళ్లకు, ప్యాంటు అంచులకు అంటుకుని వచ్చేవి అవే. గలిజేరు కాయకు జిగురు లేదు.

వేరు కూడా చూడవచ్చు. గలిజేరు ఏడాది మొక్క. పట్టి లాగితే సన్నటి వేరుతో సులువుగా ఊడి వస్తుంది. అటికమామిడి లావుపాటి తల్లివేరుతో లోతుకు దిగి ఉంటుంది, లాగితే కాడే తెగుతుంది. ఎండాకాలం పైమొక్క మాడిపోయినా ఆ వేరు బతికే ఉండి, తొలకరికి మళ్లీ చిగురిస్తుంది.

ఇదే జాతిలో నిటారుగా పెరిగే మరో మొక్క కూడా మన బాటల పక్కన కనిపిస్తుంది. దాని పువ్వులు తెల్లగా, లేత గులాబీగా ఉంటాయి. కాయ పైభాగం చదునుగా ఉంటుంది, జిగురుండదు. అమెరికా ఖండం నుంచి వచ్చిన కలుపు అది. తెల్ల పువ్వు చూసి దాన్ని తెల్ల పునర్నవ అనుకునేవారున్నారు. నేలబారుగా పాకకుండా మోకాలి ఎత్తుకు నిలబడితే అనుమానించండి.

తెల్ల గలిజేరు అనే రెండో మొక్క

పుస్తకాల్లో తెల్ల గలిజేరు పేరుతో ఉన్నది జలేయా డెకాండ్రా. గలిజేరుకు సొంత కుటుంబమే, అందుకే పోలిక ఎక్కువ. కాయకు మూత కూడా అలాగే ఉంటుంది. తేడాలు మూడు చోట్ల దొరుకుతాయి. దీని పువ్వులు కణుపు దగ్గర ఒంటరిగా కాక గుంపుగా ఉంటాయి. కేసరాలు పది, కీలాలు రెండు. ఇందాక గుర్తుంచుకోమన్న ‘ఒక్కటే’ ఇక్కడ పనికొస్తుంది. కాయలో నాలుగు గింజలుంటాయి. ఇది ఒక్క ఏడాదితో పోయేది కాదు, వేరు లావుగా గట్టిగా ఉంటుంది.

ఇక రంగు సంగతి. ట్రయాంథిమాలోనే రెండు రూపాలున్నాయి. ఒకటి ఎర్రటి కాడ, గులాబీ పువ్వు. మరొకటి పచ్చటి కాడ, తెల్ల పువ్వు. మన దేశపు పొలాల్లో ఈ రెండూ ఉన్నాయని కలుపు మొక్కల పరిశోధకులు నమోదు చేశారు. ఒకే సాలులో రెండూ పక్కపక్కనే కనిపించవచ్చు. కాబట్టి ఎవరైనా ‘ఇది తెల్లది, మందుకు పనికొస్తుంది, అది ఎర్రది, పనికిరాదు’ అని కాడ రంగు చూసి తేల్చేస్తే, ఆ మాట నమ్మకండి. వాళ్లు చూపిస్తున్నది ఒకే మొక్క రెండు రూపాలు కావచ్చు, లేదా రెండు వేరు వేరు కుటుంబాల మొక్కలు కావచ్చు. కణుపు చూస్తే తప్ప తెలియదు.

మిగిలిన రెండు

గంగవాయిలి మన ఇళ్లలో బాగా తెలిసిన కూర కాబట్టి పెద్దగా చెప్పనవసరం లేదు. దాని పువ్వు పసుపు, ఆకులు కొమ్మ చివర గుత్తిగా చేరతాయి, గింజలు ఇసుకంత సన్నగా లెక్కలేనన్ని ఉంటాయి. గలిజేరుకు పసుపు పువ్వు ఎప్పుడూ రాదు. పొన్నగంటి కూరలో ఆకులు ఎదురెదురుగా సమానంగా ఉంటాయి, కణుపుల దగ్గర తెల్లటి పూలు ఎండు కాగితంలా గరగరలాడుతూ ముద్దగా ఉంటాయి. పొర సంచి ఉండదు.

ఫోటో తీసే పద్ధతి

తెలిసినవారికి పంపి అడగాలనుకుంటే మొక్క మొత్తం పైనుంచి తీసిన ఒక్క ఫోటో సరిపోదు. ఎంత అనుభవం ఉన్నవారైనా దాన్ని చూసి చెప్పలేరు. ఫోనులోని మొక్కల యాప్‌లు తడబడేది కూడా ఇలాంటి ఫోటోలతోనే. నేల మీద పరుచుకున్న తీరు ఒకటి, ఆకుల జత పైనుంచి ఒకటి, ఆకును వెనక్కి వంచి కణుపు పొర కనిపించేలా ఒకటి, విచ్చిన పువ్వు ఒకటి, మూత తీసిన కాయ ఒకటి, వేరుతో సహా పీకిన మొక్క ఒకటి తీయండి. పక్కన రూపాయి బిళ్ల గానీ స్కేలు గానీ పెడితే కొలత తెలుస్తుంది. పువ్వును నేరుగా ఎండలో తీస్తే తెల్లగా మెరిసిపోయి వివరాలు పోతాయి. మీ నీడ పడేలా నిలబడి తీయండి.

వంటకు తెంపే ముందు

మొక్క సరైనదే అని తేలినా, అది పెరిగిన చోటు సరైనదా అని అడగాలి. ఈ మొక్క నేలలోని సీసం, కాడ్మియం లాంటి భారలోహాలను పీల్చుకుని ఒంట్లో దాచుకోగలదని పరిశోధనల్లో తేలింది. అందుకే నగరపు మురుగు కలిసి వచ్చే మూసీ వెంట, కాలుష్యపు నీరు పారే కాలువల వెంట, హైవే అంచుల్లో, చెత్తకుప్పల మీద పెరిగినదాన్ని ఎంత నవనవలాడుతున్నా ముట్టుకోకండి. పత్తి చేనులో అయితే ఈ మధ్య ఏ మందు కొట్టారో చేను యజమానిని అడగండి. కలుపు మందు కొట్టిన మర్నాడు కూడా గలిజేరు పచ్చగానే ఉంటుంది.

కాయలు పట్టని లేత కొనలు మాత్రమే తుంచండి. ముదిరిన ఆకు విరేచనాలు చేస్తుంది. ఇందులో ఆక్సలేట్లు అనే లవణాలు ఎక్కువ. ఒకసారి నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి, తర్వాత పెసరపప్పులో వేసుకుంటే అవి కొంత తగ్గుతాయి. పచ్చి ఆకు రసం తీసి పరగడుపున తాగమనే సలహా మాత్రం పాటించకండి. కిడ్నీలో రాళ్లున్నవారికి ఆక్సలేట్లే శత్రువు. కిడ్నీలు దెబ్బతిన్నవారికి పొటాషియం మీద డాక్టరు పరిమితి పెడతారు, ఆకుకూరల్లో అది ఎక్కువగానే ఉంటుంది. ఎవరి కోసమైతే ఈ ఆకును ప్రేమతో వెతుకుతున్నారో వారికే ఇది కీడు చేసే అవకాశం ఉంది. చికిత్సలో ఉన్నవారికి పెట్టే ముందు వారి డాక్టరును అడగండి, రాసిచ్చిన మందులు ఆపకండి. గర్భిణులకు ఆకు గానీ వేరు గానీ ఇవ్వకండి.

నమూనా దాచుకోవాలంటే

వచ్చే ఏడాది పోల్చుకోవడానికి ఒక మొక్కను ఎండబెట్టి ఉంచుకోండి. కండగల మొక్క కాబట్టి మామూలుగా కాగితాల మధ్య పెడితే కుళ్లుతుంది. కొన్నిసార్లు కాగితంలో కూడా బతికే ఉంటుంది. ముందు మరిగే నీళ్లలో ఒక్క క్షణం ముంచి తీసి, గుడ్డతో తడి అద్ది, అప్పుడు పాత వార్తాపత్రికల మధ్య పరిచి పైన బరువు పెట్టండి. మొదటి వారం రోజూ కాగితాలు మార్చండి. ఒక ఆకు తలకిందులుగా ఉండేలా, ఒక కణుపు తెరుచుకుని ఉండేలా సర్దండి. గింజలను చిన్న కాగితపు పొట్లంలో కట్టి పక్కన అంటించండి. ఎండాక పువ్వు రంగు మిగలదు కాబట్టి తెంపిన రోజే రంగు రాసి పెట్టండి. దాంతోపాటు ఊరు, మండలం, తేదీ, ఎర్ర నేలా నల్ల రేగడా చౌడా అన్నది, చేనా గెట్టా చెరువు అంచా అన్నది కూడా రాయండి. ఇంకా అనుమానం ఉంటే ఆ షీటును దగ్గరలోని డిగ్రీ కళాశాల వృక్షశాస్త్ర అధ్యాపకులకు చూపించండి. అక్కడ తేలకపోతే హైదరాబాదులో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది.